ఏ అసలుకు ఈ నకలు?

సబ్బవరంలో ఓ ఇల్లు అనుకుందాం. కొరియర్ కుర్రాడు సంతకం పెట్టించుకుని పొడవాటి పెట్టె ఒకటి చేతికిచ్చి వెళ్లాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి దాన్ని పసిపాపను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. పెట్టెలో ఇంకో పెట్టె, అందులో స్పాంజి, స్పాంజి మధ్యలో జానెడుకు కాస్త మించి పొడవున్న ఓ లోహపు గొట్టం. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, ‘ఏట్రా ఇది... టార్చిలైటా?’ అన్నాడు. అబ్బాయి మొహం మాడిపోయింది. నలభై వేలు పోసి తెప్పించుకున్నది మరి!

అది 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమాలో హీరో పట్టుకున్న వెలుగు కత్తి పిడికి నకలు. ఇలాంటివి సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. విశాఖ చుట్టుపక్కలా కనిపిస్తారు. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మలు కావివి. సినిమాలో వాడిన వస్తువు కొలతలు తీసి, అదే లోహంతో చేసి, కింద అంకె వేసి, పరిమిత సంఖ్యలో అమ్మే ప్రతిరూపాలు. వేల నుంచి లక్షల దాకా ధర పలుకుతాయి. అంత డబ్బు పెట్టేటప్పుడు మంచిదేదో, మోసమేదో తెలుసుకోవడమెలా?

ముందు నాన్నగారి మాట దగ్గరికి వద్దాం. ఆయన అన్నది దాదాపు నిజమే!

ఆ సినిమాకు వస్తువులు సమకూర్చిన రోజర్ క్రిస్టియన్ దగ్గర పెద్ద బడ్జెట్ లేదు. లండన్‌లో ఓ కెమెరాల దుకాణంలో ఆయనకు గ్రాఫ్లెక్స్ అనే పాత అమెరికన్ ప్రెస్ కెమెరా ఫ్లాష్ పిడి కనిపించింది. మూడు పెద్ద టార్చి సెల్లులు పట్టే గొట్టమది. పట్టుకోవడానికి దానికి నల్లటి పట్టీలు అంటించారు. కాలిక్యులేటర్‌లో అంకెల మీద ఉండే బుడగల్లాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించారు. అంతే, గెలాక్సీలను ఏలే ఆయుధం తయారైంది. అందులోనే ముసలి గురువు పట్టుకున్న కత్తి కథ ఇంకా చిత్రం. రోల్స్‌రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజిన్లోని ఓ గొట్టం, పాత రైఫిల్ గ్రెనేడ్ ముక్క, కింది కొసన నీళ్ల కుళాయి తిప్పుడు పిడి!

అంటే అసలుదే అతుకుల బొంత. మరి దానికి ‘కచ్చితమైన నకలు’ అంటే ఏమిటి? నిగనిగలాడుతూ, గీత లేకుండా, నున్నగా ఉన్నది గొప్పదా? కాదు. చెయ్యి తిరిగిన సేకర్తలు అలాంటి వాటిని చూస్తే పెదవి విరుస్తారు. పట్టీలు కాస్త వంకరగా ఉండాలి, ఎందుకంటే అసలువి అలాగే అంటించారు. తొలి సినిమాలో తెల్ల కవచాల సైనికులున్నారే, స్టార్మ్‌ట్రూపర్లు, వాళ్ల శిరస్త్రాణం కుడి ఎడమలు ఒక్కలా ఉండవు. అందుకని రెండు వైపులూ అద్దంలో బింబంలా సరిపోయే శిరస్త్రాణం ఎవరైనా అమ్మచూపితే అది చూడ్డానికి బాగుండొచ్చు గానీ సినిమాలోది కాదు.

ఇంకో చిక్కూ ఉంది. సినిమాలో వస్తువు ఒక్కటే ఉండదు. దగ్గరి షాట్లకు ఒకటి, నడుముకు వేలాడదీయడానికి ఒకటి, ఫైటింగుకు ఇంకోటి. 1980లో రెండో సినిమా వచ్చేసరికి అదే కత్తికి బుడగల పట్టీ పోయి సర్క్యూట్ బోర్డు ముక్క వచ్చి చేరింది. కాబట్టి అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ధరెంత’ కాదు, ‘ఏ సినిమాలో, ఏ సన్నివేశంలోదానికి ఇది నకలు? కొలతలు దేన్నుంచి తీశారు?’ అని. మంచి తయారీదారు టకటకా చెబుతాడు. ‘అచ్చం సినిమాలోలాగే ఉంటుంది సార్’ అని నవ్వి ఊరుకున్నాడంటే పర్సు జేబులో పెట్టేసుకోవచ్చు.

కొలతలు తీయడం కూడా ఓ విద్యే. అసలు వస్తువు అందరికీ అందదు కదా! అభిమానులు సినిమాను ఫ్రేముకు ఫ్రేము ఆపి చూస్తారు. అందులో కొలత తెలిసిన భాగం ఒక్కటి దొరికితే చాలు... అదే స్కేలు. గ్రాఫ్లెక్స్ గొట్టం మందం తెలుసు కాబట్టి, దాన్నిబట్టి పట్టీ పొడవెంతో లెక్కగట్టేస్తారు. దీనివల్ల పాపం కెమెరా ప్రియులు నష్టపోయారు. పాత ఫ్లాష్ పిడి కొందామంటే ఇప్పుడు వందల డాలర్లు!

లేత్ ముందు నిలబడ్డవాళ్లకే తెలుసు

పెట్టెలో వచ్చే సర్టిఫికెట్, కింద ఇత్తడి ఫలకం మీద వరస సంఖ్య... వీటిని చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువ. 2000 దశకంలో మాస్టర్ రెప్లికాస్ అనే అమెరికా సంస్థ సినిమా వాళ్ల అనుమతితో ఇలా అంకెలేసి అమ్మి బాగా పేరు తెచ్చుకుంది. అంకె ఉంటే తిరిగి అమ్మినప్పుడు ధర వస్తుంది, నిజమే. కానీ ఫలకం పనితనాన్ని చెప్పదు. దాన్ని చెప్పగలిగే మనుషులు విశాఖ ప్రాంతంలో వీధికొకరు దొరుకుతారు. ఉక్కు ఫ్యాక్టరీలోనో, షిప్‌యార్డులోనో లేత్ మీద బతుకంతా గడిపినవాళ్లు.

అలాంటి మనిషి చేతికిస్తే ఏం చూస్తాడు? ముందు బరువు చూస్తాడు. అల్యూమినియానికీ ఇత్తడికీ తేడా చేతికే తెలుస్తుంది. మర విప్పి బిగిస్తాడు. చివరిదాకా ఒకే ఒరవడిలో తిరగాలి, ఎక్కడా పట్టేయకూడదు, లూజుగా ఊగకూడదు. ఉపరితలాన్ని వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తాడు. పనిముట్టు వణికితే సన్నటి అలల్లాంటి గీతలు పడతాయి. పాలిష్ కింద దాచినా అవి పట్టుబడతాయి. అంచు మీద వేలు పోనిస్తాడు. మెత్తగా అరిగినట్టుంటే పాలిష్ ఎక్కువై ఆకారం పోయిందని అర్థం. క్రోమ్ పూత లోపలి మూలల్లోకీ వెళ్లిందో లేదో చూస్తాడు. వెర్నియర్ కాలిపర్స్ తీసేది అన్నిటికన్నా చివర.

ఈ కంటిచూపు ఈ నేలకు కొత్త కాదు. అదే అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని చూసి పెరిగిన కంటికి, తిరిగే లోహం మీద చేసిన పనిలో లోపం దాగదు.

మరో మాట, కొన్నాక సంగతి. మన దగ్గర ఉక్కపోత, ఉప్పుగాలి. క్రోమ్ పూతలో సూదిమొన సందు దొరికినా కింద తుప్పు మొదలవుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ ఎండ తగిలితే పసుపెక్కుతుంది. మెత్తటి వినైల్ కొన్నేళ్లకు జిడ్డోడుతుంది. పెట్టెలోని స్పాంజి పొడిపొడిగా రాలి వస్తువుకు అంటుకుంటుంది. లోపల సెల్లులుంటే తీసి పెట్టాలి. కారితే మొత్తం పాడు.

కోర్టుకెక్కిన టోపీ

అనుమతి తీసుకుని చేసిందా, తీసుకోకుండా చేసిందా అనేది ఇంకో పెద్ద తగువు. ఆ తెల్ల శిరస్త్రాణాలను 1976లో సినిమా కోసం అచ్చుపోసిన ఆండ్రూ ఎయిన్స్‌వర్త్, తర్వాత తన దగ్గరున్న పరికరాలతో మళ్లీ తయారుచేసి అమ్మాడు. లూకాస్‌ఫిల్మ్ దావా వేసింది. అది శిల్పమా, కాదా? శిల్పమైతే కాపీరైట్ ఉంటుంది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అది శిల్పం కాదు, సినిమా తీయడానికి పనికొచ్చే వస్తువు మాత్రమేనని తేల్చింది. అయితే అమెరికా కాపీరైట్‌ను ఉల్లంఘించాడన్న వాదనను అక్కడి కోర్టులోనూ విచారించవచ్చని అదే తీర్పు చెప్పింది. మన చట్టానిది మరో దారి. డిజైనుగా రిజిస్టరు చేయదగినదాన్ని చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే దాని మీది కాపీరైట్ పోతుంది. సబ్బవరంలోనే ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఇంతకన్నా సరదా కేసు దొరకదేమో!

నకలు నకలుగా అమ్మినంతకాలం గొడవలేదు. అసలుదని చెబితేనే ముప్పు. ఎందుకంటే అసలు ధరలు ఆకాశంలో ఉన్నాయి. 2023లో ఓ మోడల్ తయారీదారు గ్యారేజీలో దొరికిన ఎక్స్‌వింగ్ యుద్ధవిమానం నమూనా వేలంలో 31 లక్షల డాలర్లు దాటింది. రూపాయల్లో సుమారు 26 కోట్లు! అసలుదని నిరూపించేది కాగితం ఒక్కటే కాదు. వస్తువు మీది గీతలు, సొట్టలు సినిమా ఫ్రేములో అదే చోట కనిపించాలి.

మరి మన తెలుగు వస్తువులో? ‘ఆదిత్య 369’ (1991) గుర్తుందిగా. అందులో విలన్ అమ్రీష్ పురి అరుదైన వస్తువుల పిచ్చితో సాలార్‌జంగ్ మ్యూజియం వజ్రానికే కన్నం వేస్తాడు. ఆ సినిమా టైమ్ మెషీన్‌కు ఎవరైనా నకలు చేయాలనుకుంటే ఫ్రేములు ఆపుకుని, బాలకృష్ణ ఎత్తునే స్కేలుగా పెట్టుకుని కొలవాల్సిందే. ‘కల్కి 2898 ఏడీ’ (2024)లోని బుజ్జికి ఆ ఇబ్బంది లేదు. ఆరు టన్నుల ఆ మూడు చక్రాల బండిని మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరు జయెమ్ సంస్థ కలిసి నిజంగానే నడిచేలా చేశారు. సినిమా కోసమే గీసిన బండి, కొలతలతో పుట్టిన బండి.

ఇంతకీ సబ్బవరం ఇంట్లో ఏమైంది? నాన్న ఆ గొట్టాన్ని పావుగంట అటూ ఇటూ తిప్పాడు. అడుగు మర విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ‘మరలు బాగానే కోశాడు. ఈ పట్టీలే వంకరగా అంటించాడు, ఇచ్చేసి వేరేది తెమ్మను’ అన్నాడు. అబ్బాయి ఒక్క ఉదుటున లేచి దాన్ని అందుకున్నాడు.