పిల్లికి బీమా, బర్రెకు దువా

బీమా అనేది ఫార్సీ నుంచి వచ్చిన లఫ్జ్. ‘బీమ్’ అంటే ఖౌఫ్, భయం. తెలుగులో చాలామంది దాన్ని ‘భీమా’ అని ఒత్తు పెట్టి రాస్తారు, అదేదో భీమసేనుడి సొత్తయినట్టు. డెస్కులో పనిచేసిన రోజుల్లో ఆ ఒత్తు కొట్టేయడమే నాకు సగం నౌకరీ. అసలు మానీ గుర్తుంటే ఒక ఫాయిదా ఉంది. ఏ బీమా కాగజ్ మీద దస్తఖత్ చేసే ముందైనా అడగాల్సిన సవాల్ ఆ లఫ్జ్‌లోనే ఉంది. నీకు దేని ఖౌఫ్? అదే జరిగితే నీ ఇల్లు నిలుస్తుందా, కూలుతుందా?

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, కుక్కపిల్లల తస్వీర్లతో, పిల్లి కూనల తస్వీర్లతో పెట్ ఇన్సూరెన్స్ ఇష్తెహార్లు. మా ఇంట్లో పిల్లి ఉందని ఈ ఫోన్‌కు ఎవరు చెప్పారో! డల్లాస్‌లో ఉండే మా ఖాలా కొడుకు కూడా ‘భాయ్‌జాన్, పాలసీ తీసుకోండి, ఇక్కడ మేం నెలనెలా కడుతున్నాం’ అన్నాడు. ఇద్దరు ముగ్గురు దోస్తులు కూడా అడిగారు, కట్టిన పైసలు వసూలవుతాయా, అసలు జాయజేనా అని. నా రాయ్ ముందే చెప్పేస్తాను. మన దగ్గర అమ్ముతున్న తరీఖాలో మామూలు ఇంటి పిల్లికి అది దండగ. ఆ ఫికర్ పడాల్సిన జానవర్లు వేరే ఉన్నాయి.

మా తమ్ముడిది తప్పని అనను. అమెరికాలో కుక్క కాలు విరిగితే ఆపరేషన్‌కు వేల డాలర్లు. బిల్లు చూసి పెంచుకున్న కుక్కను సూది వేసి పడుకోబెట్టేసే మజ్బూరీ అక్కడి ఖాందాన్లకు నిజంగానే వస్తుంది. స్వీడన్‌లో కుక్కల బీమా వందేళ్ల కిందటి నుంచే ఉంది, ఇవాళ అక్కడ అత్యధిక కుక్కలకు పాలసీ ఉంటుంది. అక్కడి ఖౌఫ్ అక్కడిది. దాన్ని జిరాక్స్ తీసి మన పురానా షహర్ గల్లీలో అతికిస్తే అతుక్కోదు.

మా షేరూ హిసాబ్ చూడండి. గల్లీలో దొరికిన మగపిల్లి, ఇప్పుడు ఆరేళ్లు. టీకాలు, నట్టల మందు, ఆపరేషన్ చేయించి పిల్లలు కాకుండా చేయడం, వీటి ఖర్చు ఎలాగూ మనదే, పాలసీ ఇవ్వదు. పెద్ద దెబ్బ ఒక్కసారే పడింది. రెండేళ్ల కింద పొద్దుట్నుంచి మట్టి తొట్టిలో కూర్చుని ముక్కుతోంది, అరుస్తోంది, చుక్క రావడం లేదు. మగపిల్లులకు మూత్రనాళం సన్నం, అందులో రాళ్ల పొడి అడ్డుపడుతుంది. (పిల్లి ఉన్నవాళ్లు ఇది యాద్ పెట్టుకోండి. మలబద్ధకం అనుకుని ఆముదం తాగించి రేపు చూద్దాం అంటే, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.) గొట్టం వేసి, మూడు రోజులు సెలైన్ ఎక్కించి, మొత్తం పదకొండు వేల నాలుగు వందలయింది. ఆ నెల ఇంట్లో గోష్ట్ కాస్త తక్కువ వండుకున్నాం. అంతే, ఇల్లు కూలలేదు.

తర్వాత పాలసీ గురించి అడిగితే నాకు చెప్పిన రేటు ఏడాదికి మూడు వేల రెండు వందలు. ఆరేళ్లకు పంతొమ్మిది వేల రెండు వందలు. క్లెయిమ్ మొత్తం ఒప్పుకున్నా బిల్లులో పదో వంతు మనమే భరించాలి, అంటే చేతికొచ్చేది పది వేల పైచిలుకు. అదే నెలకు రెండు వందల యాభై గల్లగురిగిలో వేసి ఉంటే ఆరేళ్లకు పద్దెనిమిది వేలు, దవాఖానా బిల్లు కట్టాక కూడా ఆరు వేల ఆరు వందలు మిగిలేవి. పైగా గల్లగురిగి సవాళ్లు అడగదు.

సవాళ్లు అంటే ఎలాంటివో పాలసీ షర్తులు చదివితే తెలుస్తుంది. పాలసీ తీసుకున్న మొదటి రోజుల్లో వచ్చిన జబ్బుకు పైసా లేదు. అంతకుముందే ఉన్న జబ్బుకు లేదు. పుట్టుకతో వచ్చిన లోపాలకు సాధారణంగా లేదు. టీకా తారీఖు దాటితే ఆ టీకాతో ఆగాల్సిన జబ్బుకు లేదు. వయసు ఒక హద్దు దాటితే కొత్త పాలసీయే ఇవ్వరు. మన ఇళ్లలో మాదిరే పిల్లులకూ కుక్కలకూ రోగాలన్నీ బుఢాపాలోనే కదా వచ్చేది.

అన్నిటికంటే తమాషా, జానవర్ ఖీమత్ ఎంత అన్న సవాల్. మన ఖానూన్‌లో జంతువు అంటే మాల్, ఆస్తి. అందుకే పెట్ ఇన్సూరెన్స్ పేరులో ఆరోగ్యం ఉన్నా, మనుషుల హెల్త్ పాలసీకి ఆదాయపు పన్నులో దొరికే రియాయత్ దీనికి లేదు. చనిపోతే ఇచ్చే పైసలు చాలావరకు దాని బజార్ ధర మీద ఆధారపడి ఉంటాయి. పర్షియన్ పిల్లికి రసీదు ఉంటుంది. మా షేరూను వర్షంలో తడుస్తుంటే చిన్న బిడ్డ చున్నీలో చుట్టుకుని తెచ్చింది. దాని బజార్ ధర సున్నా. ఇంట్లో దాని ఖీమత్ ఎంతో మా బిడ్డను అడగాలి, ఆ ఖానా ఏ ఫారంలోనూ లేదు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే గల్లగురిగికీ ఒక ఐబ్ ఉంది. ఆ జబ్బు ఆరేళ్లకు కాక రెండో నెలలోనే వస్తే అందులో ఉండేది ఐదు వందలు. బీమా పుట్టిందే అలాంటి దినం కోసం. అందుకే పెద్ద జాతి కుక్కలు పెంచేవాళ్లకు నా జవాబు వేరు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కకు కడుపు మెలిపడితే గంటల్లో ఆపరేషన్ కావాలి, ఆ ఖర్చు ముందు షేరూ బిల్లు ఏ మూలకూ రాదు. అపార్ట్‌మెంట్‌లో అది పక్కింటి పిల్లాణ్ని కరిస్తే ఆ ఖర్చూ యజమాని మెడకే. ఆపరేషన్ ఖర్చు, మూడో మనిషికి జరిగే నష్టం, రెండూ కవర్ చేసే పాలసీ దొరికితే వాళ్లు తీసుకోవడంలో అఖ్ల్ ఉంది. మిగతా వాళ్లు ఆ పైసలతో ముందు టీకాలు తారీఖు తప్పకుండా వేయించండి. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ముఫ్త్‌గా వేస్తారు. నారాయణగూడలో పెద్ద సర్కారీ పశువుల దవాఖానా ఉంది, మన వాళ్లలో సగం మందికి తెలియనే తెలియదు.

ఇక జాయజ్, నాజాయజ్ సంగతి. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఉలమాల ఏతరాజ్ ఏమిటో మాత్రం చెప్పగలను. కంపెనీ బీమాలో సూద్ ఉంది, ఏం కొంటున్నామో తెలియని ఘరర్ ఉంది, కొంత జువా వాసన ఉంది అంటారు. 1985లో జిద్దాలో ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ వ్యాపార బీమా వద్దని, దాని బదులు నలుగురూ వేసుకుని నలుగురూ ఆదుకునే తకాఫుల్ సరైనదని చెప్పింది. మన ముల్క్‌లో తకాఫుల్ కంపెనీలు లేవు. ఫసాదుల్లో దుకాణాలు తగలబడటం చూశాక, ఇక్కడి ఉలమాల్లో కొందరు జాన్-మాల్ బీమాకు జరూరత్ కింద ఇజాజత్ ఇచ్చారు. ఈ జరూరత్ అనే ఉసూల్ నాకు చాలా పసందు. దీన్ పక్కన పెట్టి ఉత్త హిసాబ్ పుస్తకం తెరిచినా అదే ఉసూల్ కనిపిస్తుంది. మోయలేని నష్టానికే బీమా, మోయగలిగినదానికి కాదు. షేరూకు ఆ జరూరత్ లేదు. దానికి ఇలాజ్ చేయించడం మాత్రం మన జిమ్మేదారీ. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్ గురించిన హదీస్ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

జరూరత్ ఎవరికుందో చెబుతాను. మా ఫుప్పు పల్లెలో ఉంటుంది. ఫూఫా ఇంతెకాల్ అయ్యాక రెండు బర్రెలే ఆమె రిజ్క్. ఎనభై వేల బర్రె, అందులో సగం చిట్టీ ఎత్తి కట్టింది. వానాకాలం మొదట్లో గొంతువాపు వచ్చింది. సాయంత్రం మేత ముట్టలేదు, రాత్రి గురక, తెల్లారేసరికి పోయింది. వాన పడకముందే వేయాల్సిన టీకా ఉంది, ఆ ఏడు ఆ ఊరికి వేళకు అందలేదు. ఫుప్పుకు పాలు పోయాయి, చిట్టీ బాకీ మిగిలింది. ఆ ఖౌఫ్‌కు బీమా లేదు.

ఉండకూడదా అంటే, కాగజ్ మీద ఉంది. కేంద్రం జాతీయ పశుగణ మిషన్ కింద పశువుల బీమాకు ప్రీమియంలో రైతు వాటాను 2024లో పదిహేను శాతానికి తగ్గించింది. మిగతాది కేంద్రం, రాష్ట్రం అరవైకి నలభై లెక్కన భరించాలి. ప్రీమియం నాలుగు శాతం అనుకుందాం. ఎనభై వేల బర్రెకు మూడు వేల రెండు వందలు. అవును, మా షేరూకు చెప్పిన రేటే! అందులో ఫుప్పు కట్టాల్సింది నాలుగు వందల ఎనభై. దేశంలో ఇంతకంటే సస్తా, ఇంతకంటే పనికొచ్చే బీమా నాకైతే కనపడలేదు.

ఐతే దీనికి యాడ్ లేదు. ఫుప్పు ఫోన్‌లో బర్రె తస్వీర్‌తో ఎవరూ పలకరించరు. రాష్ట్రం తన వాటా ఇచ్చి, కంపెనీని ఖరారు చేస్తేనే పథకం నడుస్తుంది. మధ్యలో ఖాళీ వస్తే ఆ ఖాళీలో చచ్చిన బర్రెకు దిక్కు లేదు. పాలసీ దొరికినా చెవి ట్యాగ్ మీదే అంతా ఉంటుంది. ఆ పన్నెండు అంకెల పసుపు పోగు ముళ్లకంపకు తట్టుకుని ఊడిపోతే క్లెయిమ్ లేదు. చచ్చిన వెంటనే కబురు చేయాలి, డాక్టర్ వచ్చి కోసి చూసి సర్టిఫికెట్ రాయాలి. జుమ్మా రోజు రాత్రి చచ్చిన బర్రె సోమవారం డాక్టర్ వచ్చేదాకా ఆగదు కదా. మన వాళ్లలో ఒక షక్ కూడా ఉంది, ట్యాగ్ రంధ్రం పడిన మేక ఖుర్బానీకి పనికిరాదని. చెవి పెద్ద భాగం తెగితేనే ఐబ్, చిన్న రంధ్రంతో ఖుర్బానీ చెడదు. కావాలంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. అసలు ఆ ట్యాగ్ వల్ల ఇంకో ఫాయిదా ఉంది. సంతకు తోలుకుపోతుంటే తోవలో ఆపి ‘ఎక్కడిదిరా ఇది’ అనేవాళ్లకు, పశువు ఎవరిదో చూపించే కాగజ్ చేతిలో ఉంటుంది. ఈ రోజుల్లో మన మేకలవాళ్లకు, బర్రెలవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

షహర్‌లో ఉన్న పెద్దమనుషులు పిల్లి పాలసీ గురించి పూటంతా వెతుకుతారు. అదే పూట ఊళ్లో ఉన్న మామూనో ఫుప్పూనో ఫోన్ చేసి ‘ట్యాగ్ ఉందా, బీమా ఉందా, టీకా పడిందా’ అని అడగొచ్చు. లేకపోతే మండల పశువైద్యాధికారికి ఒక దరఖాస్తు రాసి ఇవ్వొచ్చు. ఒకరు రాస్తే చెత్తబుట్ట, ఇరవై మంది సంతకాలు పెడితే ఫైల్. జర్నలిస్టుగా నాకు తెలిసిన సర్కారీ ఖాయిదా అదొక్కటే. ఇంటి బర్రె అర్ధరాత్రి పడిపోకముందే 1962 నంబర్ ఇంట్లో గోడ మీద రాసి పెట్టమనండి. సంచార పశువైద్య వాహనం దాంతోనే వస్తుంది.

ఫుప్పు పోయిన ఏడు మళ్లీ ఒక బర్రెను కొన్నది. ఈసారి టీకా వేళకు పడింది, చెవికి ట్యాగ్ పడింది. బీమా సంగతి దవాఖానాలో రెండుసార్లు అడిగించాను, పైనుంచి పైసలు రావాలన్నారు. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ చేయమన్న హదీస్ ఆమెకూ తెలుసు, కట్టడానికి తాడు ఇచ్చేవాళ్లు కావాలి. ఫజర్ నమాజ్ కాగానే ఆయతుల్ కుర్సీ చదివి, బర్రె నుదుటి మీద ఊది, పాలు పిండటానికి కూర్చుంటోంది.