తెలివైన యంత్రాలు – శ్రామికుని స్థానం

మానవుడు తన శ్రమను తగ్గించుకొనే ప్రయత్నంలో యంత్రాన్ని సృష్టించాడు. మొదట అది అతని కండబలాన్ని మాత్రమే పెంచింది. నేడు యంత్రం కొలుస్తున్నది, సరిపోల్చుకుంటున్నది, తన పనిని తానే సరిదిద్దుకుంటున్నది. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో 'యూనిమేట్' అనే తొలి పారిశ్రామిక రోబో పనిలోకి వచ్చింది. కాలుతున్న లోహపు భాగాలను అచ్చుల నుండి వెలికితీయడం దాని పని. అటుపై యాభై ఏండ్లకు, 2011లో జర్మనీలోని హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో 'ఇండస్ట్రీ 4.0' అనే మాట వెలువడింది. యంత్రాలకు సెన్సార్లను అమర్చి, వాటన్నింటినీ కంప్యూటర్ల ద్వారా అనుసంధానించడం అందులోని ప్రధానాంశం.

సెన్సార్ల ప్రయోజనం సామాన్యమైనది కాదు. తిరిగే యంత్రంలో బేరింగు అరిగినప్పుడు, అది విరగడానికి ముందే కంపనమూ వేడిమీ పెరుగుతాయి. మనిషి చెవికి అందని ఆ మార్పును సెన్సార్ పసిగడుతుంది. యంత్రం ఆగిపోకముందే మరమ్మతు చేసుకొనే వీలు కలుగుతుంది. సమయమూ ధనమూ ఆదా అవుతాయి.

అయితే లాభం కంటె ముందు ఆలోచించవలసినది ప్రాణరక్షణ. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. పన్నెండు మంది మరణించారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఎన్నో లోపాలను ఎత్తిచూపింది. నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారు. పైభాగం వేడెక్కుతున్న సంగతి తెలియలేదు. సైరన్లు ఉండీ మోగలేదు. మొదటిది పరికరాల కొరత. రెండవది మనుషుల సంసిద్ధతలోని కొరత. ఒకదానిని పూరించి రెండవదానిని విడిచిపెడితే ప్రయోజనం లేదు.

ఈ విషయంలో జపాను అనుభవం గమనింపదగినది. సకిచి టొయోడా 1924లో రూపొందించిన మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. ఆ సూత్రమే తరువాత టొయోటా కార్ల కర్మాగారాలలో మరొక రూపం ధరించింది. అక్కడ లోపాన్ని గుర్తించిన సామాన్య కార్మికుడు తాడు లాగి హెచ్చరించవచ్చు. అవసరమైతే ఉత్పత్తి ఆగిపోతుంది. యంత్రానికి గమనించే శక్తి ఇచ్చినవారు మనిషికి ఆపే అధికారం కూడ ఇచ్చారు. మన పరిశ్రమలు అనుసరించవలసిన మార్గం ఇదే.

యంత్రాలు ఉపాధిని హరిస్తాయనే భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. కొత్త ఉద్యోగాలు పుట్టవచ్చు. కాని పని పోయినవారికే అవి దక్కుతాయన్న హామీ లేదు. కనుక యంత్రాలపై ధనం వెచ్చించే యాజమాన్యాలు పాత కార్మికుల శిక్షణకు కూడ నిధులు కేటాయించాలి. ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో సెన్సార్ల అమరికనూ మరమ్మతునూ నేర్పాలి. యంత్రాన్ని కనిపెట్టి ఉండవలసిన సెన్సార్ కార్మికుని ప్రతి కదలికపై నిఘాగా మారకుండ చూడాలి.

స్వయంచాలనం మొదట ప్రవేశించవలసినది బాయిలర్లు, కొలుములు, రసాయన ట్యాంకుల వంటి ప్రమాదకర స్థలాలలో. అక్కడ పనిచేసే మనిషి క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఏ సాంకేతిక ప్రగతి అయినా సార్థకమవుతుంది.