పేరు పెట్టని పాస్తా

సాయంకాలం వేళ మణికొండ ఫలహారశాలల పట్టికలలో పాస్తా విరివిగా కనిపిస్తుంది. అక్కడ దానికి రంగే పేరు: వైట్ సాస్, రెడ్ సాస్, పింక్ సాస్. అందులో ఎండుమిరప చేరుతుంది, వెల్లుల్లి చేరుతుంది, ఒక్కొక్కచోట గరం మసాలా కూడ పడుతుంది. ఇది ఇటలీ వంట కాదని, రుచి భ్రష్టమైనదని వెక్కిరించే రసజ్ఞులు లేకపోలేదు. వారి ఆక్షేపణ నిలిచేది కాదు.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రాన, మోహాక్ నది ఒడ్డున యూటికా అనే చిన్న పట్టణమున్నది. అక్కడి బట్టల మిల్లులలో పని వెతుక్కొంటూ పందొమ్మిదవ శతాబ్దపు చివర, ఇరవయ్యవ శతాబ్దపు మొదట ఇటలీవారు పెక్కుమంది వలసవెళ్ళారు. ఆ ప్రాంతపు భోజనశాలలలో కొన్ని తరాల తరువాత పుట్టినది చికెన్ రిగ్గీస్. రిగటోని అంటే ఒంటినిండా గీతలున్న గొట్టపు పాస్తా. ఆ గీతలు సాసును జారిపోనీయక పట్టి ఉంచుతాయి. దానిని కోడిమాంసం, టొమాటో, మీగడ, చిన్న గుండ్రని కారపు మిరపకాయలతో కలిపి వండుతారు. ఇటలీ సంప్రదాయంలో ఈ వంట లేదు. ఆ సంగతి యూటికావారికి లోటుగా తోచలేదు. రిగటోనిని కుదించి రిగ్గీస్ అని ముద్దుపేరు పెట్టుకొని, ఊరివారు దానిని తమ సొత్తుగా చెప్పుకొంటారు.

పరాయి సరకును మార్చుకొనడమే తప్పయితే తెలుగు వంటింట మిగిలేదెంత? మిరప, టొమాటో రెండూ అమెరికా ఖండాలనుండి సముద్రం దాటి వచ్చినవే. సేమ్యా మాత్రం పాస్తాకు దాయాది కాదా? దానితో పాయసం కాచి, ఉప్మా చేసి పెడుతూ ఉంటే, అది మన వంట కాదంటే నమ్మే పిల్లవాడెవడు?

మణికొండ విషయంలో చింతించవలసినది వేరొకటి. 1998లో మాదాపురాన సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఈ పల్లె క్రమంగా నానా జిల్లాలవారికి కాపురమయింది. గోంగూర పచ్చడి, సర్వపిండి ఇక్కడ ఒకే మేడలో పొరుగిళ్ళవి. ఇందరి చేతులు సోకిన పాస్తాను ఇంకా రంగుతోనే పిలుస్తున్నారు. దానిని విదేశపు వస్తువుగా తింటున్నారు గాని, ఏ ఊరి కారం వేశారని అడిగేవారు కనపడరు.

పాస్తాకు గోంగూర కలిపి చూచిన ఇల్లాలు ఏ అంతస్తులోనో ఉండే ఉంటుంది. పిల్లవాని డబ్బాలో అది బడికి కూడ వెళ్ళే ఉంటుంది. మధ్యాహ్నం మూత తీసినప్పుడు, పక్కనున్నవాడు అదేమిటని అడిగితే ఆ పిల్లవాడు ఏమని చెప్పాడో ఉపాధ్యాయులెవరైనా విని ఉంటే, ఆ పేరును రాసి ఉంచుకోవాలి.