తొందరపడింది యెవరు?

రాజోలిలో యిటీవల నేను 1953 బ్రిటిష్ గయానా యెన్నికల గురించి మాట్లాడాను. సభ ముగిశాక తుంగభద్ర గట్టుదాకా సాగనంపుతూ వొక వుపాధ్యాయ మిత్రుడన్నాడు: "అంతా బాగుంది గానీ, జగన్ తొందరపడినాడు సార్. కొంచెం నిదానంగా పోయింటే సర్కారు నిలబడేది."

యీ మాట ఆయన సొంతం కాదు. తప్పంతా తీవ్రవాద నాయకులదేనని 1954లో రాబర్ట్‌సన్ కమిషన్ తేల్చింది. సామ్రాజ్యవాదులు రాసుకున్న తీర్పు డెబ్బయ్యేళ్లలో చేతులు మారి మన అభ్యుదయవాదుల నోటికే వచ్చింది!

గయానా భూగోళంలో దక్షిణ అమెరికాదైనా చరిత్రలో కరీబియన్ దేశమే. 1838–1917 మధ్య అక్కడి చెరకుతోటలకు మన దేశంనుంచి దాదాపు 2,39,000 మందిని వొప్పందపు కూలీలుగా వోడలెక్కించారు. మద్రాసు రేవునుంచి వెళ్లినవారిలో తెలుగువారూ వున్నారు. వయోజనులందరికీ వోటు దక్కిన మొదటి యెన్నిక 1953 ఏప్రిల్ 27న జరిగింది. తోటకూలీల బిడ్డ ఛెడీ జగన్, నల్లజాతి న్యాయవాది ఫోర్బ్స్ బర్నహామ్ వొకే పార్టీగా నిలబడి 24 స్థానాల్లో 18 గెలిచారు.

మంత్రివర్గం బతికింది 133 రోజులు. ఆ రోజుల్లో చేసిన ఘోరమేమిటి? పుస్తకాలమీద ఆంక్షలు యెత్తివేయబూనారు. కార్మికులు తమ వోటుతో యెన్నుకున్న సంఘాన్ని యజమానులు గుర్తించి తీరాలని బిల్లు తెచ్చారు. దానికి నమూనా మాస్కోనుంచి రాలేదు. అమెరికావారు 1935లో చేసుకున్న వాగ్నర్ చట్టమే! వాషింగ్టన్‌లో చట్టమైనది జార్జ్‌టౌన్‌లో కుట్ర అయింది. అక్టోబరు 9న చర్చిల్ ప్రభుత్వం రాజ్యాంగాన్ని సస్పెండు చేసింది, సైన్యం దిగింది. నాలుగున్నర నెలలైనా ఆగలేక తుపాకి తీసినవాడిది తొందర కాదట. బిల్లు పెట్టినవాడిదే తొందరట!

తుంగభద్ర గట్టున నిలబడి యీ మాట అనడం మరీ విడ్డూరం. 1952లో ఆవలిగట్టు మద్రాసు రాష్ట్రం. 375 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 152. యెన్నికల్లో నిలబడని రాజాజీని గవర్నరు యెగువసభకు నామినేట్ చేశాడు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రకాశంగారి నాయకత్వాన కూడిన ప్రతిపక్ష కూటమికి అవకాశమే యివ్వలేదు. ఇంకా కుర్చీ యెక్కనివాళ్లు యే తొందర పడ్డారు?

మనవాళ్లకు వేరొక జాడ్యముంది: దోషమంతా గవర్నరుమీదికి తోసి చేతులు దులుపుకోవడం. 1955లో జగన్, బర్నహామ్ విడిపోయారు. ఆపైన భారతీయుల వోట్లు వొకవైపు, నల్లవారి వోట్లు వొకవైపు చీలుతూ పోయాయి. దీన్ని బ్రిటిష్‌వారు వాడుకున్నారన్నది నిజం. కాని వాళ్ల చేతికి అందించింది యెవరు? మన వూళ్లలో కులం లెక్కగట్టి అభ్యర్థిని నిలబెట్టే మనకు ఆ ప్రశ్న కొంచెం గుచ్చుకోవాలి.

ఇక నిదానం సంగతి. జగన్ 1957లో తిరిగి గెలిచి గవర్నరుతో సర్దుకుపోతూ నిదానంగానే పాలించాడు. 1961లోనూ గెలిచాడు. అప్పుడు లండన్ యెన్నికల పద్ధతినే మార్చింది. 1964లో 53 స్థానాల్లో అందరికన్నా యెక్కువగా 24 వచ్చినా, అధికారం మరో పార్టీతో కలిసిన బర్నహామ్‌కు పోయింది.

ఆ నిదానం గురించి మా మిత్రుడేమంటాడో వచ్చే సంచికలో రాయమని అడిగాను.