గుండు మునిగె... గుడ్డు తేలె!

భీమడోలు మండలంలోని గుండుగొలను పేరులోనే ఓ సైన్సు ప్రశ్న దాగుంది. గుండును కొలనులో పడేస్తే ఏమవుతుంది? బుడుంగున మునుగుతుంది. ఎందుకంటే, 'బరువు కాబట్టి' అంటారు పిల్లలు. పెద్దల్లోనూ చాలామంది జవాబు అదే. మరి క్వింటాలు తూగే ఎండు టేకు దుంగ తేలుతుందేం? గోళీకాయంత గులకరాయి మునుగుతుందేం?

అసలు సంగతి మొత్తం బరువులో లేదు. అదే చోటులో ఎంత బరువు ఇమిడిందన్నదే లెక్క. దాన్నే సాంద్రత అంటారు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. అంతే పరిమాణమున్న ఇనుము 7.8 కిలోలు తూగుతుంది. నీటికంటే సాంద్రత ఎక్కువున్నది మునుగుతుంది, తక్కువున్నది తేలుతుంది.

ఈ పాఠం పుస్తకంలోనే ఉండిపోలేదు. సార్వాకు సొంత విత్తనం సిద్ధం చేసుకునే రైతు ఇంట్లో, నీళ్ల తొట్టి దగ్గర తాతా మనవరాలూ కూర్చున్నారనుకోండి.

''తాతయ్యా, గుడ్డు మునిగిపోయింది!''

''ఇంకో గుప్పెడు ఉప్పు వేసి కలుపమ్మా. పావలా బిళ్లంత పైకి తేలాలి.''

పది లీటర్ల నీళ్లకు సుమారు కిలోన్నర ఉప్పు పడుతుంది. ఉప్పు కరిగితే బరువు కిలోన్నర పెరుగుతుంది కానీ, నీళ్లు పెరిగేది దాదాపు అర లీటరే. అందుకే లీటరు ఉప్పునీళ్లు సుమారు 1.09 కిలోలు తూగుతాయి. తాజా గుడ్డు సాంద్రత అంతకంటే కాస్త తక్కువ. కాబట్టి తేలుతుంది. కొలిచే పరికరమేదీ లేని ఇంట్లో గుడ్డే పరికరం!

ఇప్పుడు తొట్టిలో వడ్లు పోస్తారు. ఉత్త తాలు మంచినీళ్లలోనూ తేలుతుంది. చిక్కంతా సగం పాలు పోసుకున్న గింజతోనే. చూపుకు నిండుగా కనిపిస్తుంది, తూర్పారబట్టినా పోదు, మంచినీళ్లలో మునిగి మంచి విత్తనంలా నటిస్తుంది. ఉప్పునీళ్లలో మాత్రం దాని గుట్టు బయటపడుతుంది, పైకి తేలుతుంది. అలాంటి గింజ మొలకెత్తినా నారు నీరసంగా వస్తుంది. నారుమడిలో జరిగిన పొరపాటు కోతల దాకా వెంటాడుతుంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. గుడ్డు తాజాదై ఉండాలి. నిల్వ ఉన్నకొద్దీ పెంకుకున్న సన్నని రంధ్రాల్లోంచి తేమ ఆవిరైపోతుంది, లోపల గాలి గది పెరుగుతుంది. పరిమాణం అంతే, బరువు తక్కువ. అంటే సాంద్రత తగ్గినట్టే. బాగా పాత గుడ్డు మంచినీళ్లలోనే తేలుతుంది. దాన్ని నమ్మితే ఉప్పు చాలకుండానే 'సరిపోయింది' అనుకుంటాం. తేలాల్సిన గింజలు అడుగునే ఉండిపోతాయి.

ఇంకో జాగ్రత్త. అడుగున దిగిన వడ్లను వెంటనే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఆ తర్వాతే విత్తనశుద్ధి, నానబెట్టడం, మండె కట్టడం. మందు పట్టించి అమ్మే విత్తనానికి ఈ పద్ధతి వద్దు, మందంతా కడుక్కుపోతుంది.

పొలం లేనివాళ్లకూ ఇది పనికొస్తుంది. ఈ ఆదివారం కూరకు తెచ్చిన గుడ్లను పగలగొట్టేముందు పిల్లలచేత ఓ గిన్నెడు నీళ్లలో వేయించండి. అడుగున పడుకున్నది తాజాది. నిటారుగా నిలబడ్డది కాస్త పాతది. పైకి తేలిందా, బాగా పాతదే. దాన్ని పక్కన పెట్టండి. 'బరువు కాబట్టి మునిగింది' అని పిల్లలు ఇంకెప్పుడూ అనరు.