తల్లి చాలు పిల్లకు తప్పదా?

నలభై దాటిన ఆడది మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయంటే మన ఇళ్ళల్లో ముందుగా వచ్చే మాట "మీ అమ్మకీ ఉన్నాయిగా" అని. భర్తా అదే అంటాడు, అత్తగారూ అదే అంటుంది, ఫోన్లో సొంత చెల్లెలూ అదే అంటుంది. మా ఆడపడుచు చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు కూడా ఎక్స్‌రే చూసి, "మీ మదర్‌కి ఉందా? అయితే ఇంక అంతే" అని నొప్పి బిళ్ళలు రాసి పంపించాడట. ఆ "అంతే" మీదే నా కోపమంతా.

వంశం పాత్ర లేదని నేననను. 1996లో ఇంగ్లండులో టిమ్ స్పెక్టర్, ఆయన తోటివాళ్ళు కవల అక్కచెల్లెళ్ళ చేతులూ మోకాళ్ళూ ఎక్స్‌రే తీసి పోల్చారు. ఒకే అండం నుంచి పుట్టి అచ్చు గుద్దినట్టుండే కవలలు ఒక జట్టు, రెండు అండాల నుంచి పుట్టిన కవలలు ఇంకో జట్టు. ఏ జంటైనా ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగినవాళ్ళే కదా. అచ్చు కవలల్లో ఇద్దరికీ అరుగుదల రావడం ఎంత ఎక్కువగా కనిపిస్తే, జన్యువుల వాటా అంత ఎక్కువని లెక్క. అది 39 నుంచి 65 శాతం అని తేలింది. తక్కువేం కాదు. అలాగని ఫలానా జన్యువు ఉంటే మోకాళ్ళు పోతాయని చెప్పడానికీ లేదు. 2021లో 8 లక్షల మందికి పైగా జన్యువులు చూస్తే, ఈ జబ్బుతో సంబంధం ఉన్న తేడాలు 100 దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం చిటికెడు.

పైగా ఆ శాతాన్ని మనవాళ్ళు అర్థం చేసుకునే తీరే వేరు. నా నొప్పిలో సగం మా అమ్మ ఇచ్చిందని దానర్థం కాదు. వందలమంది ఆడవాళ్ళని వరసగా నిలబెడితే ఒకరికీ ఇంకొకరికీ మధ్య కనిపించే తేడాలో పుట్టుకతో వచ్చింది ఎంత అని చెప్పే లెక్క అది. ఒక మనిషి కాలికి అతికించడానికి పనికిరాదు.

"తల్లి చాలు పిల్లకు తప్పదు" అన్న సామెత అందరికీ నోటికొచ్చు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్నది కూడా మనదే. మొదటిది పుట్టుక గురించి, రెండోది అలవాటు గురించి. అమ్మ నుంచి మనకి వచ్చింది రక్తం ఒక్కటేనా? గొంతుక్కూర్చుని గిన్నెలు తోమడం, బిందె నడుమున పెట్టుకుని మెట్లెక్కడం, మిగిలిన అన్నం పారెయ్యలేక తామే తినెయ్యడం, నొప్పొస్తే బామ్ రాసుకుని పైకి చెప్పకపోవడం, ఇవన్నీ అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఇన్నీ కలిపి "వంశం" అని ఒక్క మాటలో మూటగట్టేస్తాం.

ఇంకో సంగతి చూడండి. మామగారికి షుగరు ఉందనుకోండి. కొడుక్కి ముప్పై ఐదు రాగానే పరీక్షలు మొదలవుతాయి, రాత్రిపూట ఇల్లంతా చపాతీలకి మారిపోతుంది, పొద్దున్నే నడకకని కొత్త బూట్లు వస్తాయి. వంశంలో ఉంది కాబట్టి జాగ్రత్త! మంచిదే. అదే వంశం మాట ఆడదాని మోకాలి దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త ఎందుకు కాదు? వంశంలో ఉంది కాబట్టి ఓర్చుకోమంటారు. ఒకే మాట మగవాడికి ముందుచూపు, మనకి తలరాత. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. (ఓర్చుకోమన్న నోటితోనే గుజ్జు పెంచే పొడులు తెప్పిస్తామంటారు. అరిగిన గుజ్జుని తిరిగి పెంచుతుందని రుజువైన మందు ఇప్పటిదాకా లేదు.)

చెయ్యగలిగింది లేకపోతే సరే, ఓర్చుకుందాం. ఉంది కదా! అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో ఏళ్ళ తరబడి గమనించిన ఆడవాళ్ళ లెక్కలు 1992లో వచ్చాయి. పదేళ్ళలో ఐదు కిలోల దాకా తగ్గినవాళ్ళకి మోకాళ్ళ అరుగుదల నొప్పి వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. వాళ్ళలోనూ అమ్మకి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉండే ఉంటారు. తొడ కండరం గట్టిపడితే నొప్పీ తగ్గుతుంది, నడకా సులువవుతుంది. వంశంలో ఉన్నవాళ్ళకే ఇవి ముందుగా కావాలి, నొప్పి మొదలవకముందే, ఇరవైల్లో ఉన్న కూతుళ్ళకి కూడా.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాచి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి, దించి, రెండో కాలు. రోజూ ఓ పావుగంట. ఆ పావుగంటసేపు లోపల్నించి ఎవరూ "అమ్మా, కాఫీ" అని కేకెయ్యకుండా ఉంటే చాలు.