రాగి వేసిన కుట్టు

"సీఎస్ఈ వాళ్లకి కెమిస్ట్రీ ఎందుకు?" ఫస్టియర్‌లో ఈ మాట వినపడని బెంచీ లేదు. నా వాదన వేరు. కెమిస్ట్రీ ఉండాల్సిందే. పోవాల్సింది "ద్రవ స్ఫటికాలను నిర్వచించండి" అనే రెండు మార్కుల ప్రశ్న.

ఆ నిర్వచనం అందరికీ వచ్చు. ద్రవంలా పారుతుంది, స్ఫటికంలా అణువులకి ఒక వరస ఉంటుంది. 1888లో రైనిట్జర్ చూసిన కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా ఉండిపోయి, 178.5 దగ్గర తేటపడింది. ఎల్‌సీడీకి పనికొస్తుంది అని రాసేసి పేజీ తిప్పేస్తాం. మజా అంతా ఆ తర్వాతే ఉంది.

మనం చదివిన దాంట్లో ఈ అణువులు అగ్గిపుల్లల్లా ఉంటాయి. కానీ 1977లో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్లల్లాంటి అణువులు కూడా దొంతరలుగా పేర్చుకుని ద్రవ స్ఫటికం అవుతాయని చూపించారు. ఆ పేపర్ వచ్చింది మన దేశపు జర్నల్ 'ప్రమాణ'లోనే!

ఇప్పుడు లోహం సంగతి. చెట్టుకొమ్మల్లా పొడవాటి కార్బన్ గొలుసులు చాపుకుని, సగం బిళ్ల ఆకారంలో ఉండే అణువుని ఊహించండి. బీటా డైకీటోన్లలో ఇలాంటివి ఉన్నాయి. వేడి చేస్తే వాటిలో కొన్ని నేరుగా మామూలు ద్రవమైపోతాయి. రాగి ఉప్పుకీ ఈ గుణం లేదు. కానీ ఒక రాగి అయాన్ రెండు సగాలనీ పట్టుకుందంటే, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఒకే తలంలో చతురస్రంలా కూర్చుంటాయి. నిండు బిళ్ల తయారు. గట్టి మధ్యభాగాలు దొంతర కడతాయి, అంచుల్లోని మెత్తటి గొలుసులు దాన్ని పారనిస్తాయి. నాకైతే విస్తరి కుట్టే పుల్ల గుర్తొస్తుంది. పుల్ల మీద అన్నం వడ్డించలేం, విడి ఆకులో పప్పుచారు నిలవదు.

పైగా రాగి ఊరికే రాదు, తన రంగునీ అయస్కాంత గుణాన్నీ వెంట తెస్తుంది.

అలాగని ఏ లోహమైనా సరిపోదు. జింక్ సాధారణంగా ఆ నాలుగు ఆక్సిజన్లనీ చతుర్ముఖి ఆకారంలో పట్టుకుంటుంది. రెండు సగాలు అడ్డదిడ్డంగా మెలిపడితే ఇక దొంతర ఎక్కడ? గొలుసులు మరీ పొట్టివైనా కష్టమే, కరిగేలోపే పదార్థం మాడిపోవచ్చు.

సమస్యని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ టెస్ట్ చేసి కలిపెయ్యడం మన బ్రాంచి వాళ్లకి అలవాటు. ఇక్కడ రెండు ముక్కలూ విడివిడిగా ఫెయిల్, కలిపితే పాస్. గుణం ముక్కల్లో లేదు, అవి కూర్చున్న తీరులో ఉంది. ఇది కోడ్ రాసేవాళ్లకి అనవసరమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అందుకే మా కెమిస్ట్రీ మేడమ్‌కి ఒక మనవి. ఈసారి పేపర్లో ఇలా అడగండి: "రాగి తీసి జింక్ పెడితే దొంతర నిలుస్తుందా? బొమ్మ గీసి చెప్పండి." ఐదు మార్కులివ్వండి. సీనియర్ల నోట్సులో దీనికి జవాబు దొరకదు.